బాల్ వాల్వ్ బిగుసుకుపోతే పానా పెట్టి తిప్పొచ్చా? మా మిర్యాలగూడ ఇంట్లో ఏమైందంటే

దేవరకొండ నుంచి అడిగిన అన్నా, మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: కింద నల్లా తిప్పితే పై అంతస్తులో ధార సన్నబడుతోందని ప్లంబర్ కింది లైన్‌లో బాల్ వాల్వ్ సగం మూసి పోయాడు, రెండేళ్ల తర్వాత ఇప్పుడు హ్యాండిల్ కదలట్లేదు, పానా పెట్టొచ్చా అని. వద్దు. ట్యాంకులో నీళ్లు ఉండగా అసలే వద్దు.

నేను పెట్టినోణ్నే కాబట్టి చెప్తున్నా. మిర్యాలగూడలో మా డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, దాని అవుట్‌లెట్‌కు అంగుళం ప్లాస్టిక్ బాల్ వాల్వ్. ఓ ఆదివారం వాష్‌బేసిన్ నల్లా మారుద్దామని మూయబోతే ఎంతకీ రాలేదు, పైపు పానా పట్టి ఒక్క గుంజు గుంజితే టక్‌మంది, అమ్మయ్య మూసుకుంది అనుకునేలోపు హ్యాండిల్ నా చేతిలో ఉంది, విరిగినచోటు నుంచి నీళ్లు మొహం మీదికి కొడుతున్నాయి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా గుడ్డలు అదిమి పట్టుకుని కూర్చున్నాను. అమ్మ అక్కడే ఆరబోసిన మిరపకాయలు మెట్ల మీద తేలుకుంటూ దిగాయి, ఆ మాట ఇప్పటికీ అంటుంది.

తర్వాత ఆ వాల్వ్‌ను ఆక్సా బ్లేడుతో కోసి చూశాను. లోపల ఉండేది ఒక గుండు, దాని మధ్యలో ఆరపార రంధ్రం, అటూ ఇటూ తెల్లటి టెఫ్లాన్ రింగులు, అంతే. హ్యాండిల్ పైపు వెంబడి ఉంటే రంధ్రం నీళ్లకు ఎదురుగా ఉంటుంది, అడ్డంగా తిప్పితే మూత, పావు చుట్టు పని. మాది కూడా చాలాకాలం సగంలోనే ఉండేది. గుండు మీద సున్నం గట్టిగా పేరుకుంది, నీళ్లు తగిలే మేరకు చారలాగా, వాటర్ హీటర్ రాడ్ మీద కట్టే పెచ్చులాంటిదే. ఒకవైపు రింగు అంచు తినేసినట్టు ఉంది, ఎందుకంటే సగం తెరిస్తే ధారంతా ఆ సందులోంచే జోరుగా రింగు అంచుకు తగులుతుంది. నల్గొండ నీళ్లు అనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు గానీ ఈ పెచ్చు కట్టేది కాల్షియం, మెగ్నీషియం వల్ల, అంటే నీళ్లు కఠినంగా ఉండటం వల్ల.

అందుకే బాల్ వాల్వ్ అయితే పూర్తిగా తెరవాలి, లేదంటే పూర్తిగా మూయాలి. ధార తగ్గించాలంటే గ్లోబ్ వాల్వ్ ఉంది, లేదా కింద నల్లాల దగ్గర యాంగిల్ కాక్‌లు (గోడ దగ్గర ఉండే చిన్న వాల్వ్‌లు) కొంచెం మూసుకోండి. నిజానికి మీ సమస్య వాల్వ్‌ది కాదనిపిస్తోంది. 10 మీటర్ల ఎత్తు ఉంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ప్రెజర్ వస్తుంది, పై అంతస్తు ట్యాంకు కిందనే కాబట్టి అక్కడ 2, 3 మీటర్లకు మించి ఎత్తు దొరకదు, కింద నల్లా తెరవగానే నీళ్లన్నీ అటే దిగిపోతాయి. ట్యాంకు నుంచే పై అంతస్తుకు వేరే లైన్ లాగించండి, ఖర్చు ఒక్కసారే, రోజూ తిట్లు తప్పుతాయి.

కొత్తది వేసేటప్పుడు యూనియన్ బాల్ వాల్వ్ తీసుకోండి, రెండు వైపులా నట్లు ఉంటాయి, రేపు పాడైతే పైపు కోయకుండా విప్పేయొచ్చు. షాపులో ఉత్త బాల్ వాల్వ్ అంటే ఒక్కోసారి ట్యాంకులో తేలే బంతిది చేతిలో పెడతారు, హ్యాండిల్‌ది అని చెప్పండి. సొల్యూషన్ (ప్లాస్టిక్ పైపులు అంటించే జిగురు) పెట్టేటప్పుడు వాల్వ్ తెరిచే ఉంచాలి, పల్చగా రాయాలి, ఎక్కువైతే లోపలికి కారి గుండునే అంటించేస్తుంది (మా తమ్ముడి ఇంట్లో కొత్త వాల్వ్ మొదటి రోజే ఇలా పోయింది). ఇంకోటి, బోరు మోటర్ నడుస్తుండగా డెలివరీ వాల్వ్ (మోటర్ నుంచి నీళ్లు బయటికొచ్చే లైన్‌లోది) మూయొద్దు, నీళ్లు పోయే దారి లేక జాయింట్లు ఊడతాయి, మోటర్ వేడెక్కుతుంది.

మీ వాల్వ్ ఇత్తడిదా ప్లాస్టిక్‌దా రాయలేదు. ఇత్తడిదైతే ట్యాంకు ఖాళీ చేసి, వేడినీళ్లలో ముంచిన గుడ్డ కాసేపు చుట్టి, చేత్తోనే అటు కొంచెం ఇటు కొంచెం ఆడించి చూడండి, రావచ్చు. ప్లాస్టిక్‌దైతే ఆశ వదిలేసి కోయించేయండి. నేనైతే ఇప్పుడు నెలకోసారి ఇంట్లో వాల్వ్‌లన్నీ ఒకసారి మూసి తెరుస్తున్నాను, రెండు నిమిషాలు కూడా పట్టదు.