ఏడో రోజు ఫొటో పంపు

చిట్టితల్లికి,

బయోప్రింటింగ్‌లో, అదే బతికున్న కణాలు కలిపిన ఇంకుతో కణజాలం ప్రింట్ చేసే విద్యలో, పీహెచ్‌డీకి చేరావని, ఆల్జినేట్, జెలటిన్ ఇంకులతో మృదులాస్థి పెంచుతావని మీ అమ్మ చెప్పింది. విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. గర్వం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. జెలటిన్ 37 డిగ్రీల దగ్గర కరిగి నీళ్లయిపోతుంది, దాన్నొక్కదాన్నే నమ్ముకోకు. జెలటిన్‌నే రసాయనికంగా మార్చిన జెల్‌మా అయితే వెలుగు తగిలి గట్టిపడుతుంది. వెలుగు తగలగానే ఆ గట్టిపడటాన్ని మొదలుపెట్టే ల్యాప్ అనే రసాయనం కలిపితే 405 నానోమీటర్ల వెలుగు చాలు, అల్ట్రావయొలెట్ జోలికి పోకు. కొలాజెన్‌ని ఐస్ మీదనుంచి తియ్యకు. ఆల్జినేట్‌ని ఆటోక్లేవ్ చెయ్యకు, అంటే వేడి ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో పెట్టకు, వేడికి దాని అణువుల గొలుసులు తెగి చిక్కదనం పోతుంది. అది సముద్రపు నాచు నుంచి వచ్చే సరుకు, ఏ రెండు లాట్లూ ఒకలా ఉండవు. లాట్ నంబరు రాసుకో.

ఇక నన్ను ఇప్పటికీ వదలని సంగతి.

నేను ఆల్జినేట్ ఇంకుతో ప్రింట్ చేసిన జాలీలు మీడియంలో, అంటే కణాల్ని పెంచే ద్రవంలో, నాలుగు రోజులకే మెత్తబడి, గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. ఆల్జినేట్‌ని గట్టిగా పట్టి ఉంచే కాల్షియం జారిపోయి సోడియం ఆ చోట్లోకి వస్తే జరిగేది అదే. నాకేమో మొండితనం. ఆల్జినేట్ శాతం పెంచాను. గీత సన్నగా రావాలని 22 గేజ్ సూది తీసేసి 27 పెట్టాను, అంటే రంధ్రం సగమైంది. ఇంకు కదలకపోతే ప్రెషర్ పెంచాను. జాలీ అద్భుతంగా వచ్చింది. మూలలు కత్తితో కోసినట్టున్నాయి. గంటలోపే బతికిన కణాల్ని పచ్చగా, చచ్చినవాటిని ఎర్రగా చూపించే రంగు వేసి చూస్తే దాదాపు కణాలన్నీ పచ్చగా, బతికే ఉన్నాయి. ల్యాబంతా తిప్పి చూపించాను.

మూడో రోజు మైక్రోస్కోప్ కింద అంతా ఎరుపే. ఒక మూల మాత్రం నాలుగైదు పచ్చ చుక్కలు.

సన్నటి సూదిలో గోడల దగ్గర రాపిడికి నలిగిన కణం అప్పటికప్పుడు చావదమ్మా. పొర నిలిచి ఉన్నంతసేపు పచ్చగానే కనిపిస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అవి ఒకరి మోకాలి ఆపరేషన్‌లో తీసిన ముక్క నుంచి ఆరు వారాలు పెంచిన కణాలు. సంతకం పెట్టి ఇచ్చిన ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు మాత్రం ఆయన ముందు నిలబడినట్టే తలెత్తలేకపోయాను.

అందుకే ప్రతి ప్రింట్ రోజూ అదే ఇంకులోంచి ఒక చుక్క సూదిలోకి పంపకుండా పక్కన గట్టిపరచి ఉంచు. చుక్కలో బతికి జాలీలో చస్తే తప్పు సూదిది, ప్రెషర్‌ది. రెండింట్లోనూ చస్తే ఇంకుది. ఆ చుక్క నా దగ్గర ఉండుంటే ఆరు నెలలు మిగిలేవి. ఒకటో రోజు, మూడో రోజు, ఏడో రోజు బతికిన కణాల్ని లెక్కపెట్టు. గీత కాస్త లావుగా వస్తే రానీ. మరీ లావైనా కష్టమే, 200 మైక్రాన్లు దాటి లోపలున్న కణాలకు ఆక్సిజన్ అందడం తగ్గిపోతుంది.

రాత్రి రెండింటిదాకా ప్రింటర్ దగ్గరే ఉంటున్నావట! నిద్రకళ్లతో ప్రెషర్ నాబ్ ముట్టుకున్నావంటే ఊరుకోను. నీ చేతులు మంచివి, చిన్నప్పుడు ముగ్గు చుక్క పెట్టినా వంకర పోయేది కాదు. ఆ నేర్పే నిన్ను ఆకారం వైపు లాగేస్తుందేమోనని నా భయం.

మొదటి జాలీ రాగానే నాకు ఫొటో పంపాలనిపిస్తుంది నీకు. ఆగు. ఏడో రోజుది, రంగు వేసింది పంపు.

నీ పెద్దమ్మ