వెబ్‌సైటు అందరికీ అందాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా సేవా సంస్థ వెబ్‌సైటును వైకల్యం ఉన్నవారు కూడా ఇబ్బంది లేకుండా వాడుకునేలా మార్చాలనుకుంటున్నాం. ఒక్క వరుస కోడ్ చేరిస్తే పేజీ మూలన ఒక బటన్ వస్తుందని, అక్షరాలు పెంచడం, రంగులు మార్చడం, చదివి వినిపించడం అన్నీ అదే చూసుకుంటుందని ఒకరు చెబుతున్నారు. అది పెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఆ బటన్ చేస్తానంటున్న పనులకు కావలసిన సాధనాలు వాడేవారి దగ్గర ముందే ఉంటాయి. అక్షరాలను పెద్దవి చేసే సదుపాయం ప్రతి బ్రౌజర్‌లోనూ ఉంది. చూపు లేనివారు విండోస్‌లో ఎన్‌వీడీఏ లేదా జాస్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ వంటి స్క్రీన్ రీడర్లను, అంటే తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లను, తమకు అలవాటైన వేగంతో, అలవాటైన గొంతుతో అమర్చుకునే మీ పేజీకి వస్తారు. ఆ సాధనాలకు అర్థమయ్యేలా మీ పేజీ ఉందా లేదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

స్క్రీన్ రీడర్ ప్రధానంగా ఆధారపడేది పేజీ పైకి ఎలా కనిపిస్తుందన్న దాని మీద కాదు. ఇది శీర్షిక, ఇది లింకు, ఇది బటన్, దీని పేరు ఫలానా అంటూ పేజీ కోడ్ అయిన హెచ్‌టీఎంఎల్ ఆధారంగా బ్రౌజర్ అందించే వివరాల మీద. మీ సభ్యత్వ ఫారంలో పేరు, ఫోన్ నంబరు, చిరునామా అనే మూడు గడులు ఉన్నాయనుకుందాం. కళ్లతో చూసేవారికి ఏ గడి దేనికో పక్కనున్న మాటను బట్టి తెలిసిపోతుంది. కానీ కోడ్‌లో ఆ మాటను లేబుల్ ద్వారా ఆ గడికి ముడిపెట్టకపోతే, చూపు లేని వ్యక్తి ట్యాబ్ కీ నొక్కుతూ వెళ్లినప్పుడు 'ఎడిట్, ఖాళీ' అన్న మాటే మూడుసార్లూ వినిపించవచ్చు, ఫోన్ నంబరు ఎక్కడ రాయాలో ఊహించుకోవలసిన పరిస్థితి వస్తుంది. ముడిపెట్టడానికి పట్టే శ్రమ గడికి రెండు మూడు మాటల కోడ్ మాత్రమే. పైగా అలా ముడిపెడితే లేబుల్ మీద నొక్కినా కర్సర్ గడిలోకి వెళుతుంది కాబట్టి చేతులు వణికేవారికీ మేలు జరుగుతుంది. బయటి నుంచి తగిలించిన బటన్ ఈ ముడిని ఊహించి వేయబోతుంది, ఆ ఊహ తప్పినప్పుడు గడికి తప్పుడు పేరు వినిపిస్తుంది. కొన్నిసార్లు అది స్క్రీన్ రీడర్ వాడే కీలకే అడ్డుపడుతుంది.

అందుచేత ఆ బటన్‌కు పెట్టే డబ్బును మీ పేజీలు రాసే వ్యక్తికే ఇచ్చి, బటన్‌ను బటన్‌గానే, శీర్షికను శీర్షికగానే రాయమని చెప్పండి. ఉత్త డబ్బాకు రంగు పూసి బటన్‌లా చూపించే అలవాటు చాలామంది డెవలపర్లకు ఉంది. మౌస్‌తో నొక్కితే అది పనిచేస్తుంది గానీ, ట్యాబ్ కీ దాని దగ్గర ఆగదు, అది బటన్ అని స్క్రీన్ రీడర్ చెప్పదు. శీర్షికలదీ ఇదే కథ. ఎన్‌వీడీఏ వాడేవారు హెచ్ కీ నొక్కుతూ ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు దూకి, పేజీలో ఏముందో క్షణాల్లో తెలుసుకుంటారు. మాటలను లావుగా, పెద్దగా చేసి వదిలేస్తే వారికి ఆ దారి మూసుకుపోయినట్టే. ఇక ఏది బటనో, దాని పేరేమిటో స్క్రీన్ రీడర్‌కు చెప్పడానికి కోడ్‌లో చేర్చే ఏరియా (ARIA) గుణాలను అన్నిచోట్లా చల్లేసి పని అయిపోయిందనేవారితోనూ జాగ్రత్తగా ఉండండి. తప్పుగా వాడేకంటే ఏరియా అసలు వాడకపోవడమే మేలని వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూత్రీసీ మార్గదర్శకమే చెబుతోంది.

మీరు స్వయంగా చేయగల పరీక్ష ఒకటుంది. మౌస్‌ను పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్, ఎస్కేప్ వంటి కీలు వాడుతూ కీబోర్డుతో మాత్రమే ఫారం నింపి పంపించి చూడండి. ప్రస్తుతం ఎక్కడున్నామో చూపే గీత కనిపించకపోతే, అందంగా లేదని ఎవరో దాన్ని తీయించేసి ఉంటారు. దాన్ని తిరిగి పెట్టించండి.

ప్రశ్న: మా సైటులో కార్యక్రమాల ఫొటోలు, పోస్టర్లు చాలా ఉన్నాయి. ప్రతి బొమ్మకూ వర్ణన రాయవలసిందేనా?

జవాబు: ఆ బొమ్మ అక్కడ ఏం పని చేస్తోందో దాన్ని బట్టి రాయాలి. వెతికే బటన్ మీది భూతద్దానికి 'భూతద్దం' అని రాస్తే ఉపయోగం లేదు, 'వెతకండి' అని రాయాలి. అలంకారానికి పెట్టిన పూలతీగకు వర్ణన అక్కర్లేదు. అయితే కోడ్‌లో బొమ్మ వర్ణన రాసే చోటైన ఆల్ట్ గుణాన్ని ఖాళీగా ఉంచడం వేరు, అసలు రాయకపోవడం వేరు. ఖాళీగా ఉంచితే స్క్రీన్ రీడర్ ఆ బొమ్మను దాటిపోతుంది. రాయకపోతే కొన్ని సందర్భాల్లో ఫైలు పేరును చదవడం మొదలుపెడుతుంది. ఫొటోకు ఒకటి రెండు వాక్యాలు చాలు, 'ఈ ఫొటోలో' అని మొదలుపెట్టనవసరం లేదు, బొమ్మ అన్న సంగతి స్క్రీన్ రీడరే చెబుతుంది.

పోస్టర్ల విషయంలో మాత్రం కాస్త పట్టుదలగా ఉండమంటాను. తేదీ, సమయం, వేదిక అన్నీ పోస్టరులోనే ఉండి కింద 'అందరూ ఆహ్వానితులే' అని రాసి ఉంటే, చూపు లేనివారికి అందే ఆహ్వానం ఆ రెండు మాటలే. పోస్టరులోని సమాచారమంతా పేజీలో మామూలు అక్షరాలుగా కూడా ఉండాలి. తెలుగు పేజీలకు దీనితోపాటు మరో చిక్కు ఉంది. ప్రతి భాష అక్షరాలకూ ప్రత్యేక సంకేతాలు ఇచ్చే యూనికోడ్ పద్ధతి రాకముందు నాటి ఫాంట్లతో టైపు చేసిన పాత వ్యాసాలు కంటికి చక్కటి తెలుగుగానే కనిపిస్తాయి గానీ, లోపల ఉన్నవి వేరే అక్షరాల సంకేతాలు కనుక స్క్రీన్ రీడర్ వాటిని అర్థం లేని శబ్దాలుగా చదువుతుంది. వాటిని యూనికోడ్‌లోకి మార్పించండి. పేజీ భాష తెలుగు అని కోడ్ మొదట్లో ప్రకటించడం కూడా మరవద్దు. ఏ గొంతుతో చదవాలో స్క్రీన్ రీడర్ నిర్ణయించుకునేది చాలావరకు దాన్ని బట్టే.

ప్రశ్న: లేత బూడిద రంగు అక్షరాలు హుందాగా ఉంటాయని మా డిజైనరు అంటున్నారు. ఎంత లేతగా ఉండవచ్చు?

జవాబు: దీనికి లెక్క ఉంది. వెబ్‌సైట్లు అందరికీ అందడానికి డబ్ల్యూత్రీసీ రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో మధ్య స్థాయి అయిన ఏఏ ప్రకారం మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగు తేడా, కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. తెల్లటి పేజీ మీద #767676 అనే బూడిద రంగు గట్టెక్కుతుంది, దానికంటే ఒక్క మెట్టు లేతదైన #777777 తప్పుతుంది. ఫారంలో తప్పులను ఎరుపుతో మాత్రమే చూపడమూ మానండి, ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారు కొందరుంటారు. తప్పేమిటో మాటల్లో రాయించండి.

ప్రశ్న: తనిఖీ సాఫ్ట్‌వేర్ మా సైటుకు నూటికి నూరు మార్కులు ఇచ్చింది. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు: ఆల్ట్ ఉందో లేదో సాఫ్ట్‌వేర్ చెప్పగలదు, అందులో రాసింది ఆ బొమ్మకు తగినదేనా అన్నది మనిషి చూడవలసిందే. వీడియో కింద పడే మాటలు, మాట్లాడినదానికి సరిపోతున్నాయా అన్నదీ అంతే. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లోని ఏఏ స్థాయిని లక్ష్యంగా పెట్టుకుని, సాఫ్ట్‌వేర్ పట్టిన తప్పులు దిద్దాక, స్క్రీన్ రీడర్‌ను రోజూ వాడే ఒకరిని, కీబోర్డు మాత్రమే వాడే మరొకరిని పిలిచి, వారి సమయానికి తగిన పారితోషికం ఇచ్చి, సభ్యత్వం తీసుకోవడం వంటి ఒక పూర్తి పనిని మొదటి నుంచి చివరి దాకా చేయమనండి. వారు తడబడినప్పుడు మీరు దారి చూపించకండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకుని, దాన్ని డెవలపరుకు అప్పగించండి.