సందేహాలు – సమాధానాలు: నియంత్రించడం అంటే తగ్గించడమేనా?

సందేహం: ‘కణ కేంద్రకంలోని సంకేత ఎంజైములు జన్యువుల అనులేఖనాన్ని నియంత్రిస్తాయి’ అని ఒక సైన్స్ వ్యాసంలో చదివాను. కాస్త కిందికి వెళ్తే, ఆ ఎంజైముల వల్ల అనులేఖనం పెరుగుతుందని ఉంది. నియంత్రించడమంటే అదుపు చేయడం కదా, మరి పెరగడమేమిటి? ఆ వాక్యం తప్పా?

సమాధానం: అనులేఖనమంటే జన్యువులోని రాతను చూసి ఆర్‌ఎన్‌ఏ రాయడం. ఆ వాక్యంలో సైన్స్ తప్పేమీ లేదు. మీరు తికమకపడటమూ సహజమే. ధరల నియంత్రణ, జనాభా నియంత్రణ, కాలుష్య నియంత్రణ... ఎక్కడ చూసినా కట్టడి చేయడమనే అర్థంలోనే మనం ఆ మాట వాడుతున్నాం. సంస్కృతంలో ‘నియంత’ అంటే సారథి అనే అర్థం ఉంది. పగ్గాలు బిగించేదీ అతనే, వదిలేదీ అతనే. తెలుగులో మాత్రం నియంత అనగానే నిరంకుశ పాలకుడే గుర్తొస్తాడు. సైన్స్ రాసేవాళ్లు సారథిని తలచుకుని రాస్తుంటే, చదివేవాళ్లకు కట్టడే కనిపిస్తోంది.

పోనీ ‘క్రమబద్ధీకరణ’ అందామా అంటే, ఉద్యోగాల క్రమబద్ధీకరణ, స్థలాల క్రమబద్ధీకరణ అంటూ దాన్ని ఇప్పటికే వేరే పనికి పెట్టేసుకున్నాం. కాబట్టి పాఠం పేరుగా ‘జన్యు నియంత్రణ’ను అలాగే ఉండనిద్దాం. కానీ ఫలానా ఎంజైమ్ ఏం చేసిందో తెలిసినప్పుడు, ఆ పనికి సరిపోయే క్రియనే వాడాలని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చూడండి. కొన్ని హార్మోన్లు కణాన్ని తాకినప్పుడు లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. కైనేజ్ అంటే ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్. సైక్లిక్ ఏఎంపీ పెరగడంతో ప్రోటీన్ కైనేజ్–ఏ అనే ఎంజైమ్‌లో పనిచేసే భాగం విడివడి కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ క్రెబ్ అనే ప్రోటీన్‌లో 133వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ ఫాస్ఫేట్ ఉంటేనే సీబీపీ అనే మరో ప్రోటీన్ వచ్చి గట్టిగా అతుక్కుంటుంది, జన్యువు దగ్గర పని ఊపందుకుంటుంది. తర్వాత ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీస్తే ఊపు తగ్గుతుంది. ఇక్కడ కైనేజ్ ‘ప్రేరేపించింది’, ఫాస్ఫటేజ్ ‘తగ్గించింది’ అంటే పాఠకుడికి ఏ సందేహమూ రాదు. రెండింటినీ కలిపి చెప్పేటప్పుడు ‘నియంత్రణ’ అంటే అప్పుడు ఆ మాట అందంగా అమరుతుంది.

ఇంకొకటి. ఈ కైనేజులేవీ సొంతంగా ఆర్‌ఎన్‌ఏ రాయవు. రాసేది ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్, ఇవి దానిచేత రాయిస్తాయి. చేయు–చేయించు, రాయు–రాయించు అనే మన ప్రేరణార్థక క్రియలు ఇక్కడ ఎంత చక్కగా పనికొస్తాయో! మనుషుల్లో రెండో రకం పాలిమరేజ్‌కు ఒక పొడవాటి తోక ఉంటుంది. అందులో ఏడేసి అమైనో ఆమ్లాల వరుస, చిన్న చిన్న తేడాలతో, 52 సార్లు వస్తుంది. ఆ వరుసల్లో 5వ చోట ఉన్న సెరీన్‌కు సీడీకే7 అనే కైనేజ్ ఫాస్ఫేట్ తగిలించి పని మొదలుపెట్టిస్తుంది. కొంచెం దూరం పోయాక చాలా జన్యువుల మీద పాలిమరేజ్ ఆగిపోతుంది. అప్పుడు సీడీకే9 అనే మరో కైనేజ్ వచ్చి, దాన్ని ఆపి ఉంచిన ప్రోటీన్లకూ, తోక వరుసల్లో 2వ చోట ఉన్న సెరీన్‌కూ ఫాస్ఫేట్ తగిలించి ముందుకు నడిపిస్తుంది. ‘మొదలుపెట్టిస్తుంది’, ‘నడిపిస్తుంది’ అని రాయగలిగినప్పుడు రెండు చోట్లా ‘నియంత్రిస్తుంది’ అని ఎందుకు సరిపెట్టుకోవాలి?

‘అనులేఖనం’ మాత్రం మంచి మాట. డీఎన్‌ఏలోని రాతను అనుసరించి రాయడం అది. లిపి దాదాపు అదే, తైమిన్ ఉండాల్సిన చోట యురాసిల్ వస్తుందంతే. ప్రోటీన్ తయారయ్యేటప్పుడు భాషే మారిపోతుంది కనుక దాన్ని ‘అనువాదం’ అన్నారు.

మీరు అడగలేదు గానీ, నాకు ఇబ్బందిగా ఉన్నది ‘సంకేత ఎంజైములు’. జన్యు సంకేతం (జెనెటిక్ కోడ్) అనే వేరే మాట ఇప్పటికే ఉంది కాబట్టి పాఠకుడు ఆ రెండింటినీ ముడిపెట్టే ప్రమాదం ఉంది. ‘సంకేతాలు అందించే ఎంజైములు’ అంటే ఆ చిక్కు ఉండదు. అయితే ఇవన్నీ కబురు చెప్పి వెళ్లిపోయేవి కావు. ఈస్ట్ కణానికి ఉప్పు ఎక్కువై ఒత్తిడి కలిగితే, హాగ్1 అనే కైనేజ్ కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువుల మీదే చేరి పని చేయిస్తుంది.

అందుకే ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘సంకేతాలు అందించే కొన్ని ఎంజైములు కణ కేంద్రకంలోకి వెళ్లి, ఏ జన్యువును ఎప్పుడు, ఎంత రాయించాలో నిర్ణయిస్తాయి.’