ఏరు దాటి వచ్చే పిల్లల గురించి

అమ్మా, కోనసీమలో కాలేజీ ఉద్యోగంలో చేరావని తెలిసి చాలా సంతోషించాను. పాఠం ఎలా చెప్పాలో నీకు నేను చెప్పక్కర్లేదు గానీ, లంకల నుంచి, అంటే గోదావరి పాయల మధ్య ఉన్న ఊళ్ల నుంచి వచ్చే పిల్లల సంగతి మాత్రం ఇప్పుడే చెప్పాలి.

మొదటి వారంలోనే ఎవరెవరు ఏరు దాటి వస్తున్నారో అడుగు. ఊరి పేరు ఒక్కటే చాలదు, ఏ రేవులో పడవెక్కుతారో, సాయంత్రం ఆఖరి పడవ ఎన్నింటికో కూడా రాసుకో. ప్రాక్టికల్స్‌కి వాళ్లని పొద్దున బ్యాచ్‌లో వెయ్యి, లేకపోతే మూడున్నర నుంచీ వాళ్ల చూపు గడియారం మీదే ఉంటుంది.

జులై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం రోజూ చూడు. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అసలు ఎగువన భద్రాచలంలో 43 అడుగులు దాటిందని వినగానే లంక పిల్లలకి నోట్సులు ఇచ్చి పంపించెయ్, ఆ నీరు కిందికి రావడానికి ఎంతో కాలం పట్టదు. లంకకి కాజ్‌వే, అంటే ఏటి మీద తక్కువ ఎత్తులో వేసిన దారి, ఉంది కదా అనుకోకు, చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిందన్న మాట దాదాపు ఏటా వింటాం.

1986 ఆగస్టు వరదప్పుడు నాది కొత్త ఉద్యోగం. ఓ లంక కుర్రాడు పన్నెండు రోజులు రాలేదు, నేను రోజూ రిజిస్టర్లో ఆబ్సెంట్ వేసుకుంటూ పోయాను. తర్వాత తెలిసింది, వాళ్ల ఇంటిల్లిపాదీ పశువులతో సహా ఏటిగట్టు మీద ఉన్నారట. హాజరు తగ్గిందని ఎవరో అన్నారు, అంతే, మళ్లీ రాలేదు. ఆ పేరు ఇప్పటికీ నాకు గుర్తే. అందుకే చెప్తున్నాను, పడవ ఆగిన రోజులకి విడిగా ఒక కాగితం పెట్టి తేదీలు రాసి, ప్రిన్సిపాల్ గారి సంతకం అప్పటికప్పుడే తీసుకో. సెమిస్టర్ చివర్లో అడిగితే ఎవరికీ గుర్తుండదు. ఇంటర్నల్ పరీక్షలు ఆగస్టులో పెట్టొద్దని కూడా ఇప్పుడే అడుగు.

ఇంకోటి, వరదొస్తే కాలేజీ గదులు పునరావాస కేంద్రాలవుతాయి. పై అంతస్తు గదుల తాళాలు ఎవరి దగ్గరుంటాయో కనుక్కో, లైబ్రరీలో కింది అరల పుస్తకాలు ముందే పైకి చేర్పించు. నీ క్లాసు పిల్లే అమ్మానాన్నలతో ఆ గదిలో పడుకుని ఉండొచ్చు. వెళ్లి కూర్చో, తిన్నారా అని అడుగు, సిలబస్ ఊసెత్తకు.

ఈ ఆదివారం వీలైతే పడవెక్కి ఓ లంకకి వెళ్లిరా. ఆఖరి పడవ దాటనివ్వకు.