రిపోర్టులో ‘నార్మల్’ అని ఉంది, మళ్ళీ పరీక్ష ఎందుకు?

(ఈ సంచికలో నిద్ర సమస్యల ఉత్తరాలకు, స్లీప్ ల్యాబ్‌లో 14 ఏళ్లుగా రాత్రి డ్యూటీ చేస్తున్న టెక్నాలజిస్టు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మావారికి 51 ఏళ్లు. ఆయన గురకకి పిల్లలు పక్కగదిలో తలుపేసుకుని పడుకుంటారు. ఉన్నట్టుండి గురక ఆగిపోతుంది. నేను లెక్కపెడుతూ ఉంటాను. ఇరవై దాటాక ఉలిక్కిపడి ఊపిరి అందుకుంటారు. బీపీ మాత్రలు వాడుతున్నారు. పగలు కుర్చీలో కూర్చుంటే చాలు, కునుకు. డాక్టరుగారు ఒక చిన్న మిషన్ ఇచ్చి ఇంట్లోనే ఓ రాత్రి పెట్టుకోమన్నారు. ఊపిరి అడ్డుపడింది గంటకి 4 సార్లని వచ్చింది. 5 లోపు నార్మల్ అని రిపోర్టులోనే రాసుంది. అయినా ల్యాబ్‌లో పడుకుని మళ్ళీ పరీక్ష చేయించుకోమంటున్నారు. ‘మిషనే ఏమీ లేదన్నాక నీ గోల ఏమిటి’ అని ఈయన మొండికేశారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి ఆయన రెండున్నర దాకా మేలుకునే ఉన్నారు. ఏది నమ్మమంటారు?

జవాబు: అమ్మా, అసలు సంగతి ఉత్తరం చివర్లో చెప్పారు. రెండున్నర దాకా మేలుకుని ఉన్న సంగతి మీకు తెలుసు. మిషన్‌కి తెలీదు.

ఇంటికిచ్చే మిషన్‌తో సాధారణంగా ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు ఉంటాయి. గాలి ఎంత వెళ్తోంది, ఛాతీ కదులుతోందా, రక్తంలో ఆక్సిజన్ ఎంత, నాడి ఎంత అన్నవి అది చూస్తుంది. మనిషి నిద్రపోయాడా లేదా అన్నది తేల్చాలంటే మెదడు తరంగాలు కావాలి, అంటే తలకి ఎలక్ట్రోడ్లు అంటించాలి. చాలా ఇంటి మిషన్లలో అవి ఉండవు. అందుకని అది ఊపిరి ఆగినవి, తగ్గినవి అన్నీ కలిపి, రికార్డు చేసిన మొత్తం గంటలతో భాగించేస్తుంది.

మీవారు పదిన్నరకి పెట్టుకుని అయిదున్నరకి తీశారనుకుందాం. 7 గంటలు. ఊపిరి 28 సార్లు అడ్డుపడిందనుకుంటే గంటకి 4, అంటే నార్మల్. కానీ ఆయన నిద్రపోయింది 3 గంటలే. అదే 28ని 3తో భాగించండి, 9 దాటుతుంది. 5 నుంచి 15 లోపు తేలికపాటి అప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 ఆపైన తీవ్రం. మనిషి మారలేదు, ఊపిరి ఆగడం మారలేదు, కింద వేసిన అంకె ఒక్కటే మారింది. రిపోర్టు మళ్ళీ తెరిచి రికార్డింగ్ టైమ్ ఎంత రాశారో చూడండి.

ఇంకొకటుంది. ఊపిరి పూర్తిగా ఆగకపోయినా, కనీసం 10 సెకన్లపాటు 30 శాతమో అంతకన్నా ఎక్కువో తగ్గి, దానితోపాటు ఆక్సిజన్ 3 శాతం పడినా, లేదా మెదడు ఒక్క క్షణం మేలుకున్నా, మేం దాన్నీ లెక్కలో వేస్తాం. రాత్రి రెండింటికి నా స్క్రీను మీద ఇది రోజూ చూస్తుంటాను. గాలి గీత సన్నబడుతుంది, ఆక్సిజన్ 96 దగ్గరే నిలబడి ఉంటుంది, కానీ తల మీది గీతలు ఒక్కసారిగా చెదురుతాయి. పడుకున్నవాళ్లకి అది గుర్తే ఉండదు. తెల్లారాక ‘ఎంత పడుకున్నా అలసట పోవట్లేదు’ అంటారు. ఇలాంటివి ఇంటి మిషన్ కంట పడవు.

అలాగని ఇంటి పరీక్షని తీసిపారేయను. మీ డాక్టరుగారు దానితో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. పగటి మగత ఉండి, రోజూ పెద్దగా గురక, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, ఈ మూడింటిలో రెండు ఉంటే, వేరే పెద్ద జబ్బులు లేని పెద్దవాళ్లకి ఇంటి పరీక్ష సరిపోతుందని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. మీవారికి మూడూ ఉన్నాయి. అయితే ఇంట్లో ‘లేదు’ అని వచ్చినా, ఏమీ తేలకపోయినా, రికార్డింగు చెడిపోయినా ల్యాబ్ పరీక్ష చేయాలని కూడా వాటిలోనే ఉంది. నేను ఇంటివాళ్లకి చెప్పేది ఇదే: ఆ మిషన్ ‘ఉంది’ అంటే నమ్మండి, మీవారిలాంటి మనిషికి ‘లేదు’ అంటే నమ్మకండి. ఇంట్లోనే 38 వచ్చినవాళ్లని ల్యాబ్‌కి తిప్పడమే అనవసరం. అలాంటివాళ్లకి నేను రాత్రంతా వైర్లు పెట్టిన సందర్భాలున్నాయి, తెల్లారేసరికి మాకు కొత్తగా తెలిసిందేమీ లేదు.

ఇక ఆయన మొండితనం. ‘ఆ వైర్లతో, కెమెరా ముందు ఎవడు పడుకుంటాడు’ అనే అని ఉంటారు, అందరూ అదే అంటారు. పని నేర్చుకునేటప్పుడు నా మీదే ఒక రాత్రి పరీక్ష చేయించుకున్నాను. కన్ను మూతపడనే లేదని పొద్దున మా సీనియర్‌తో వాదించాను. ఆవిడ మాట్లాడకుండా రికార్డు తిప్పి చూపించింది: 5 గంటల 10 నిమిషాలు. కొత్తచోట మొదటి రాత్రి నిద్ర కాస్త పలచగానే ఉంటుంది. అయినా చాలామంది దగ్గర మాకు కావలసినంత దొరుకుతుంది.

ఏం జరుగుతుందో ముందే చెబితే సగం భయం పోతుంది. టేపుతో తల కొలిచి పెన్సిల్‌తో చిన్న గుర్తులు పెడతాం. ఇసకలా గరగరలాడే జెల్‌తో చర్మం రుద్ది, పేస్టుతో ఎలక్ట్రోడ్లు అంటిస్తాం. తల మీద, కళ్ల పక్కన, గడ్డం కింద, ఛాతీ మీద, కాళ్లకి. ఛాతీకి ఒక బెల్టు, పొట్టకి ఒకటి. ఇరవైకి పైగా ఉండే వైర్లన్నీ ఒకే పెట్టెలోకి వెళ్తాయి. బాత్రూమ్‌కి వెళ్లాలంటే పిలిస్తే చాలు, ఒక్క ప్లగ్గు తీసి పెట్టె మెళ్లో వేసి పంపిస్తాం. ఇది చాలామంది అడగడానికి మొహమాటపడి రాత్రంతా బిగపట్టుకుంటారు, దాంతో నిద్రా పోతుంది, పరీక్షా పోతుంది. కెమెరా చీకట్లో చూసేది. వెల్లకిలా పడుకున్నారా, పక్కకి తిరిగారా అన్నది మాకు కావాలి. వెల్లకిలా ఉన్నప్పుడే ఊపిరి ఆగేవాళ్లు ఎంతోమంది.

ఆ రోజు తలంటుకుని రమ్మనండి, నూనె రాయకూడదు, పేస్టు నిలవదు. మధ్యాహ్నం కునుకు వద్దు, అది ఆయనకి కష్టమే. కాఫీ పొద్దునతోనే సరి. సొంత దిండు తెచ్చుకోవచ్చు. మాత్రలు డాక్టరు ఆపమంటేనే ఆపాలి.

ఒక సంగతి మాత్రం తప్పకుండా చెప్పి పంపండి. మొదటి రెండు గంటల్లోనే అప్నియా గట్టిగా కనబడితే, కొన్ని ల్యాబుల్లో నాలాంటివాళ్లు అర్ధరాత్రి తలుపు తీసుకుని సీప్యాప్ మాస్కుతో (గొంతు మూసుకుపోకుండా గాలిని ఒత్తిడితో పంపే మిషన్‌ది) వస్తారు. గాలి ఒత్తిడి ఎంత సరిపోతుందో చూడటానికి ఇంకో మూడు గంటలైనా కావాలి కాబట్టి అప్పుడే రావాలి. చెప్పకపోతే హడలిపోతారు. ఒకాయన నన్ను చూసి మంచం దిగి పరిగెత్తబోయాడు, పెట్టె మెళ్లో లేదు, వైర్లన్నీ ఊడాయి.

ప్రశ్న: మా నాన్నగారికి హార్ట్ ఫెయిల్యూర్ ఉంది, నిరుడు పక్షవాతం కూడా వచ్చింది. రాత్రి ఊపిరి ఆగుతోంది. ల్యాబ్ దాకా తిప్పలేక ఇంట్లోనే చేయిద్దామనుకుంటున్నాం.

జవాబు: తిప్పలేకపోవడం అర్థమైంది, అయినా ఈయనకి ల్యాబే. గొంతు మూసుకుపోయి గాలి ఆగినప్పుడు ఛాతీ, పొట్ట మాత్రం పెనుగులాడుతూనే ఉంటాయి. గుండె బలహీనపడినవాళ్లలో, పక్షవాతం వచ్చినవాళ్లలో ఇంకో రకం ఉండొచ్చు: ఊపిరి తీయమని మెదడు నుంచి పిలుపే రాదు, బెల్టులు కదలకుండా నిలిచిపోతాయి. రెంటికీ వైద్యం ఒకటి కాదు. తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, కండరాల బలహీనత ఉన్నవాళ్లకి, నల్లమందు జాతి నొప్పి మందులు చాన్నాళ్లుగా వాడుతున్నవాళ్లకి, చిన్నపిల్లలకి కూడా ల్యాబే చెబుతారు. తోడు మనిషి ఉండొచ్చా, మంచం పక్కన రెయిలింగ్ ఉందా అని ముందే ఫోన్ చేసి అడగండి. రాత్రి వచ్చాక చెబితే మాకు చేతులాడవు.

ప్రశ్న: నా స్మార్ట్‌వాచ్ రాత్రి ఆక్సిజన్ 86 చూపించింది. స్లీప్ అప్నియా ఉన్నట్టేనా?

జవాబు: దాన్నిబట్టి చెప్పలేం. పట్టీ వదులైనా, చెయ్యి ఒంటి కింద నలిగినా తప్పు అంకె రావచ్చు. గురక, పగటి మగత కూడా ఉంటే డాక్టరుకి చూపించండి. వాచ్‌లో అంకెలు బాగున్నాయని మాత్రం ఆగిపోకండి. ఇంటి పరీక్షకి కూడా వాచ్‌లాంటిదే, వేలికి తొడుగున్నది, ఇస్తుంటారు. అది వైద్య పరికరం, మీ చేతికున్నదానితో కలపొద్దు. అది గనక ఇస్తే ఆ వేలికి గోళ్లరంగు తీసేసి పెట్టుకోండి.