లేజరు కంటే ముందు వాక్యూమ్

అమ్మాయీ,

రుబీడియం పరమాణువులను లేజరుతో చల్లబరిచే పనిని మీ గైడు నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. వాక్యూమ్‌తో మొదలుపెట్టు.

కొత్తవాళ్ల మనసంతా లేజరు మీదే ఉంటుంది, అది సహజం. కానీ చాంబర్‌లో పీడనం 10⁻⁹ టార్ (బయటి గాలి పీడనం 760 టార్) దరిదాపుల్లో ఉంటేనే, లేజరు కాంతి, అయస్కాంత క్షేత్రం కలిసి పన్నే ఉచ్చులో చిక్కిన పరమాణువులు కొన్ని సెకన్లు నిలుస్తాయి. 10⁻⁷ దగ్గరే ఆగిపోతే, మిగిలిన వాయువు తాకిడికి అవి సెకనులో చిన్న భాగంలోనే బయటికి ఎగిరిపోతాయి. అందుకే చాంబర్‌ను నీ చేతులతోనే బిగించు. తొడుగుల్లేకుండా లోపలి భాగాలను ముట్టుకోకు. వేలిముద్రలోని జిడ్డు నెలల తరబడి ఆవిరవుతూనే ఉంటుంది. బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా తిప్పుతూ బిగించాలి. అతుకుల్లో గాలి చొరబడకుండా పెట్టే, ఒకసారి నొక్కుకుపోయిన రాగి గాస్కెట్‌ను పొదుపు కోసం మళ్లీ వాడవద్దు.

తర్వాత బేకింగ్. స్టీలు గోడలకు పట్టిన తేమను వదిలించడానికి చాంబర్‌ను రోజుల తరబడి వేడిగా ఉంచాలి. గాజు కిటికీలు పగలకుండా ఉష్ణోగ్రతను నెమ్మదిగా పెంచు, అంతే నెమ్మదిగా దించు. అర్ధరాత్రి కరెంటు పోతే ఏ పంపు ఆగుతుందో, ఏ వాల్వు మూసుకోవాలో ముందే కనుక్కో. మన విశ్వవిద్యాలయాల్లో ఈ ప్రశ్నను వాయిదా వేయకూడదు.

ఇక లేజరు. 780 నానోమీటర్ల కాంతి కంటికి మసక ఎరుపుగానే కనిపిస్తుంది కాబట్టి బలహీనమైనదని అనుకుంటారు. రెటీనాకు అది చేసే హాని మాత్రం పూర్తిగానే ఉంటుంది. ఆ తరంగదైర్ఘ్యానికి సరిపడే కళ్లద్దాలు పెట్టుకో, ఉంగరం, గడియారం తీసేయి, బల్ల ఎత్తుకు తల వంచకు. ఈ విషయంలో సీనియర్లు నవ్వినా లెక్కచేయకు.

లేజరును లాక్ చేసేటప్పుడు, అంటే దాని పౌనఃపున్యాన్ని ఒకచోట కదలకుండా నిలిపేటప్పుడు, ఏ శిఖరం మీద లాక్ చేస్తున్నావో కచ్చితంగా తెలిసి ఉండాలి. రుబీడియం-87 సంతృప్త శోషణ వర్ణపటంలో (పరమాణువులు ఏ పౌనఃపున్యాల కాంతిని పీల్చుకుంటాయో చూపే గీతలో) రెండు అసలు శిఖరాలకు సరిగ్గా నడుమ వచ్చే క్రాస్‌ఓవర్ శిఖరాలు అసలు శిఖరాల కంటే పెద్దవిగా కనిపిస్తాయి. వాటిలో బాగా ఎత్తైనది శీతలీకరణ రేఖకు (పరమాణువులను చల్లబరిచే పౌనఃపున్యానికి) 133 మెగాహెర్ట్జ్ దిగువన ఉంటుంది. ఆ రేఖ సహజ వెడల్పు, అంటే పరమాణువు బాగా స్పందించే పరిధి, 6 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకుండా లాక్ చేస్తే పరమాణువులు చల్లబడవు.

కెమెరా తెరపై చాంబర్ మధ్యలో తెల్లని చుక్క, అంటే ఉచ్చులో చిక్కిన పరమాణువుల గుంపు, కనిపించిన రోజు సంబరపడు, కానీ వెంటనే దాన్ని చంపడానికి ప్రయత్నించు. రీపంపర్ కిరణాన్ని, అంటే చల్లబడే వరస నుంచి తప్పిన పరమాణువులను వెనక్కి తెచ్చే రెండో లేజరును, అడ్డుకో. అయస్కాంత క్షేత్రాన్నిచ్చే కాయిల్స్‌లో కరెంటు దిశను తిప్పు. ఈ రెండింటిలో ఏది చేసినా చుక్క మాయం కావాలి. అలాగే నిలిచి ఉంటే అది గాజు మీది మెరుపే. ఏ ఫలితానికైనా ఇలాంటి పరీక్ష ఒకటి నువ్వే కనిపెట్టుకోవాలి. ప్రయోగం చేసేవాళ్లకు ఇంతకు మించిన విద్య లేదని నా నమ్మకం.

నోటుపుస్తకంలో పనిచేయనివి కూడా తేదీతో రాయి. గది ఉష్ణోగ్రత, ఏసీ ఆగిన సమయం, అద్దం జరిపిన సంగతి అన్నీ రాయి. లేజరు లాక్ ఎందుకు తప్పుతోందో చాలాసార్లు ఆ గీతల్లోనే దొరుకుతుంది.

చుక్క నిజమేనని తేలాక, నాకు ఫొటోతో పాటు ఉచ్చు నిండే వక్రరేఖను కూడా పంపు. అది ఎన్ని సెకన్లలో నిండుతోందో చూస్తే నీ చాంబర్ పీడనం ఏ మేరకు ఉందో ఇక్కడి నుంచే అంచనా కట్టి రాస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య