ఊటీలో ఆర్ట్ గ్యాలరీకి పాతిక లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాను. మా అమ్మాయి విశాఖలో బీఎఫ్‌ఏ పూర్తి చేసింది. కాలేజీ టూరులో కులూ దగ్గర నగ్గర్ అనే ఊళ్ళో ఏదో గ్యాలరీ చూసొచ్చింది. అప్పట్నుంచి కొండ ఊళ్ళో ఆర్ట్ గ్యాలరీ పెడతానని ఒకటే మాట. హిమాచల్ దూరం అంటే, సరే ఊటీ అంటోంది. పాతిక లక్షలు కావాలంట. వాళ్ళమ్మేమో బీఈడీ చేయమంటుంది. ఈ వ్యాపారం నాకు తలా తోకా తెలియదు. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, ఈ వ్యాపారం తెలియదన్నారు గానీ, దీన్ని మీ అంత తొందరగా అర్థం చేసుకునేవాళ్ళు తక్కువ. చెరువులో సీడు వదిలి, పట్టుబడి రోజు కౌంటు ఎంత తూగుతుందో, రేటు ఎంత పలుకుతుందో తెలియకుండానే నెలల తరబడి మేతకీ కరెంటుకీ డబ్బు పోసే మనిషి మీరు. ఊటీలో గ్యాలరీ కూడా అలాంటిదే. ఏడాదికి రెండు పంటలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పెద్ద సీజన్, సెప్టెంబరు, అక్టోబరుల్లో చిన్న సీజన్. మిగతా నెలల్లో వాన, పొగమంచు, ఖాళీ రోడ్లు. అద్దె మాత్రం మీ ఏరేటర్ల లాగా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ముందు నగ్గర్ సంగతి. అమ్మాయి చూసింది బహుశా రష్యన్ చిత్రకారుడు నికొలాస్ రోరిక్ ఇల్లు అయ్యుంటుంది. ఆయన 1928లో అక్కడ స్థిరపడి, 1947లో పోయేదాకా హిమాలయాలను గీస్తూనే ఉన్నాడు. ఆ ఇంటిని ఇప్పుడొక ట్రస్టు నడుపుతోంది. టికెట్టు కొనుక్కుని వెళ్తాం, బొమ్మలు చూస్తాం, వచ్చేస్తాం. గోడ మీద ఉన్నవి అమ్మకానికి కాదు. పైగా మన చట్టం ప్రకారం దేశం దాటించకూడని తొమ్మిది మంది చిత్రకారుల పనుల్లో రవివర్మవి, అమృతా షేర్‌గిల్‌వి, ఠాగూర్‌లవి ఉన్నట్టే రోరిక్‌వి కూడా ఉన్నాయి. అది మ్యూజియం. అమ్మాయి పెడతానంటున్నది అంగడి. రెండింటినీ గ్యాలరీ అనే పిలుస్తారు కాబట్టి ఇంట్లో కూడా మీరొకటి అనుకుంటూ ఆమె ఒకటి అనుకుంటూ మాట్లాడుతున్నారేమో చూసుకోండి.

అంగడే అయితే, అందులో సరుకు చాలా వరకు మనది కాదు. చిత్రకారుడు తన బొమ్మలు తెచ్చి పెడతాడు. అమ్ముడైతే గ్యాలరీ తన కమీషన్ పట్టుకుని మిగతాది అతనికిస్తుంది. అమ్ముడు కాకపోతే బొమ్మ వెనక్కి వెళ్తుంది. మన దగ్గర కమీషన్ మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. సగమా అని ఆశ్చర్యపోకండి. అద్దె, లైట్లు, ఫ్రేములు, ప్యాకింగ్, ఏడాదంతా కూర్చునే మనిషి జీతం, అన్నీ అందులోంచే రావాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇవి నేను అనుకుంటున్న అంకెలు. ఊటీలో వాకబు చేశాక మీ అంకెలు పెట్టుకోండి. అద్దె, జీతాలు, కరెంటు, రవాణా అన్నీ కలిపి నెలకు లక్ష అనుకుందాం. ఏడాదికి 12 లక్షలు. కమీషన్ 40 శాతం అయితే, ఆ 12 లక్షలు రావడానికి 30 లక్షల రూపాయల బొమ్మలు అమ్మాలి. ఒక్కోటి సగటున 15 వేలు అయితే 200 బొమ్మలు. గిరాకీ ఉండే రోజులు 120 అనుకుంటే, దాదాపు రోజుకు రెండు. ఇదంతా చేస్తే మిగిలేది సున్నా. అమ్మాయి చేతికి ఒక్క రూపాయి రాదు.

ఊటీకి జనం వస్తారు కదా అంటారు. వస్తారు. ఎంతమంది వస్తున్నారంటే, 2024 మే నుంచి బయటి బండ్లకి ఈ-పాస్ పెట్టాల్సి వచ్చింది, 2025 సీజన్‌లో మామూలు రోజుల్లో 6 వేలు, శని ఆదివారాల్లో 8 వేల బండ్లకి మించి రానివ్వొద్దని మద్రాసు హైకోర్టు చెప్పింది. కానీ జనం వేరు, కొనేవాళ్ళు వేరు. మన రొట్టెల పండుగకి లక్షల మంది వస్తారు, అక్కడ ఏసీ షోరూమ్ పెడితే ఆడుతుందా? ఊటీ వచ్చిన కుటుంబం వర్కీ అనే కరకరలాడే బిస్కెట్టు, చాక్లెట్, టీ పొడి, నీలగిరి తైలం కొంటుంది. 15 వేల బొమ్మ ముందు నిలబడి ఫొటో దిగుతుంది. దాన్ని తప్పు పట్టడానికి లేదు, మనమైనా అంతే.

మరి కొండ ఊళ్ళలో గ్యాలరీలు బతకవా అంటే, బతుకుతాయి. స్విట్జర్లాండ్‌లో సెయింట్ మోరిట్జ్, గ్స్టాడ్ అనే మంచు కొండల ఊళ్ళలో హౌజర్ అండ్ విర్త్ అనే చాలా పెద్ద గ్యాలరీకి శాఖలున్నాయి. అవి శాఖలు. వాళ్ళు మొదలైంది జూరిచ్‌లో, లండన్, న్యూయార్క్‌లలో ఎప్పుడో పాతుకుపోయారు. కింద ఊళ్ళో తెలిసిన కస్టమరు సెలవులకి కొండెక్కితే, అక్కడ తీరిగ్గా కూర్చోబెట్టి మాట్లాడటానికి ఒక గది. ఊటీ, కూనూరు, కోటగిరిలో కూడా నికరంగా కొనేవాళ్ళు నాకు కనిపించేది ఇలాంటి చోట్లే: ఎస్టేట్ బంగళాల వాళ్ళు, బెంగళూరు, చెన్నై నుంచి వచ్చి అక్కడ రెండో ఇల్లు కట్టుకున్నవాళ్ళు, గదులన్నిటికీ బొమ్మలు కావాల్సిన హోటళ్ళు, రిసార్టులు. వీళ్ళెవరూ రోడ్డు మీద బోర్డు చూసి లోపలికి రారు. ఎవరో చెబితే వస్తారు, నమ్మకం కుదిరితే ఫోన్లో కొంటారు. కాబట్టి అన్నా, అమ్మాయికి ముందు కావాల్సింది ఊటీలో గోడ కాదు, ఒక వందమంది కొనేవాళ్ళ ఫోన్ నంబర్లు. అవి ఆమె దగ్గర ఇప్పుడు ఎన్ని ఉన్నాయో అడగండి. కోప్పడకుండా అడగండి.

స్థలం గురించి త్వరగా చెప్పేస్తాను. ఊటీలో కొనొద్దు, అద్దెకే. హిమాచల్‌లో అయితే అక్కడి రైతు కానివాళ్ళు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనడానికి అక్కడి భూ చట్టంలోని 118వ సెక్షన్ ఒప్పుకోదు. మన రాష్ట్రమే కదా అని అరకు వైపు చూసేరు, అది షెడ్యూల్డ్ ఏరియా. 1970 నాటి ఒకటో రెగ్యులేషన్ ప్రకారం గిరిజనేతరుల పేరు మీదకి భూమి మారదు, లీజు కూడా అందులోకే వస్తుంది. ఎవరో బినామీ పేరు మీద చేద్దాం అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

కొండ మీద బొమ్మకి అసలు శత్రువు చెమ్మ. నేనొకసారి ఒక కొండ ఊళ్ళో ముచ్చటపడి వాటర్ కలర్ కొన్నాను. ఏడాది తిరక్కుండా ఆకాశం నిండా గోధుమరంగు చుక్కలు. వెనక విప్పి చూస్తే నాసిరకం అట్ట. అమ్మినవాడికి ఫోన్ చేస్తే మీ ఇంట్లో గాలి సరిగ్గా ఆడటం లేదేమో అన్నాడు. నెల్లూరు ఉక్కలో గాలి ఆడటం లేదట! ఆ అంగట్లో నేను మళ్ళీ కొనలేదు, ఇంకో పదిమందికి చెప్పాను కూడా. గాలిలో తేమ 65 శాతం దాటి నిలబడితే కాగితం మీద, కాన్వాస్ మీద బూజు మొదలవుతుంది. మ్యూజియంల వాళ్ళు 50 శాతం దగ్గర ఉంచాలని చూస్తారు. ఊటీలో వానాకాలంలో అది ఊరికే రాదు, గాలిలో తేమ లాగే యంత్రం, డీహ్యూమిడిఫైయర్, రాత్రింబవళ్ళు నడవాలి. బొమ్మ వెనకా చుట్టూ పెట్టే అట్ట, అంటే మౌంట్ బోర్డు, ఆసిడ్ లేనిది వాడాలి, ఫ్రేముకీ గోడకీ మధ్య గాలి సందు వదలాలి. లైటు కూడా చూసుకోవాలి. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. కాగితం మీది రంగులకి 50 లక్స్, ఆయిల్ పెయింటింగ్‌కి 200 లక్స్ అని ఒక లెక్క ఉంది, అంతకుమించి వెలుగు పడే కొద్దీ రంగు వెలుస్తుంది. మీరు చెరువులో ఆక్సిజన్, పీహెచ్ చూసుకోవడం లాంటిదే ఇది, రోజూ పుస్తకంలో రాసుకోవాలి. ఈ పని అమ్మాయికి విసుగనిపిస్తే గ్యాలరీ ఆమెకి కాదు. ఆమె బొమ్మలు గీసుకోవచ్చు, అది ఇంకా గొప్ప పని.

కాగితాలు మూడు. ఒకటి, చిత్రకారుడితో ఒప్పందం: ఏ బొమ్మలు, ఏ ధర, కమీషన్ ఎంత, అమ్మిన ఎన్ని రోజులకి డబ్బు, పాడైతే ఎవరు భరించాలి, ఎప్పుడు వాపసు. స్నేహితుల బొమ్మలే కదా అని నోటి మాటతో వదిలేస్తే స్నేహం కూడా పోతుంది. రెండు, కాపీరైటు. బొమ్మ అమ్మినంత మాత్రాన దాన్ని క్యాలెండరు మీద వేసుకునే హక్కు కొన్నవాళ్ళకి రాదు, గ్యాలరీకి అసలు రాదు. అది రాసిస్తే తప్ప చిత్రకారుడిదే, పోయాక కూడా 60 ఏళ్ళు అతని వారసులది. మూడు, పన్ను. చేత్తో గీసిన బొమ్మల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతమే. రిజిస్ట్రేషన్ ఎప్పుడు, కమీషన్ మీద ఎంత అనేది ఆడిటరుతో కూర్చుని తేల్చుకోవాలి. ఇంకో మాట, టూరిస్టు ఊళ్ళో ఎవరో ఒకరు పాత తంజావూరు బొమ్మ పట్టుకుని వస్తారు. 100 ఏళ్ళు దాటినది పురావస్తువు, 1972 చట్టం కింద లైసెన్సు లేకుండా ఆ వ్యాపారం చేస్తే కేసే.

ఇక ఏం చేయమంటానో చెబుతాను. పాతిక లక్షలు ఇప్పుడు ఇవ్వొద్దు. వద్దు అని కూడా అనొద్దు. రెండేళ్ళు అడగండి.

మొదటి ఏడాది చెన్నై. మన నెల్లూరు వాళ్ళకి మద్రాసు పరాయి ఊరు కాదు, పొద్దున బండెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. కె.సి.ఎస్. పణిక్కర్ 1966లో మొదలుపెట్టిన చోళమండల్ చిత్రకారుల గ్రామం, ముట్టుకాడులో దక్షిణచిత్ర అనే కళల మ్యూజియం, ఊళ్ళో ప్రైవేటు గ్యాలరీలు, అన్నీ అక్కడున్నాయి. ఏదో ఒక గ్యాలరీలో చిన్న జీతానికైనా సరే చేరాలి. బొమ్మ ప్యాక్ చేయడం, ధర చెప్పడం, బేరం ఆడేవాళ్ళ ముందు నవ్వుతూ నిలబడటం, బీఎఫ్‌ఏలో ఎవరూ నేర్పరు. చదువే కావాలంటే బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీలో ఆర్ట్ హిస్టరీ ఎంఏ మంచిది. చెమ్మ, రిపేర్ల వైపు ఆసక్తి ఉంటే నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్సర్వేషన్, అంటే పాత బొమ్మలు, వస్తువులు పాడవకుండా కాపాడే చదువు ఉంది.

రెండో ఏడాది ఊటీలోనే, కానీ జీతం మీద. అక్కడ లవ్‌డేల్ లారెన్స్ స్కూల్ 1858 నాటిది, ఇంకా ఎన్నో రెసిడెన్షియల్ స్కూళ్ళున్నాయి. ఆర్ట్ టీచరు పోస్టులు ఎప్పుడు పడతాయో కనిపెట్టి అప్లై చేయమనండి. టీచరంటే వాళ్ళమ్మ కూడా కాస్త చల్లబడుతుంది. అమ్మాయికి మటుకు ఊరు తెలుస్తుంది, తమిళం వస్తుంది, ఖాళీ నెలలు ఎలా ఉంటాయో ఒంటికి పడుతుంది. ఆ పిల్లల తల్లిదండ్రుల్లోనే రేపటి కస్టమర్లు ఉండొచ్చు. సెలవు రోజుల్లో ఆ కొండల గిరిజనుల పనులు, తోడాల తెల్లగుడ్డ మీద ఎరుపు, నలుపు దారాల కుట్టుపని, కురుంబల చెట్ల జిగురు రంగుల బొమ్మలు వెతుక్కుంటూ వెళ్ళి, చేసేవాళ్ళతోనే పరిచయం పెంచుకోవాలి. ఎక్కడైనా దొరికే ప్రింట్లు పెట్టే గ్యాలరీకీ, ఆ కొండకే చెందిన పని పెట్టే గ్యాలరీకీ తేడా కొనేవాళ్ళు పట్టేస్తారు.

ఈలోపు చిన్న పరీక్ష. రెండు లక్షలు ఆమె చేతిలో పెట్టి నెల్లూరు టౌన్‌హాల్లోనో, ఏదైనా హోటల్ హాల్లోనో ఐదు రోజుల ఎగ్జిబిషన్ పెట్టమనండి. పాతిక, ముప్ఫై బొమ్మలు, బ్యాచ్‌మేట్స్‌వి, కమీషన్ మీద. ఒక బల్ల మీద మన ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు కూడా పెట్టొచ్చు, బొమ్మ కొనలేనివాళ్ళు ఉత్త చేతుల్తో పోకుండా. మీరు సలహా చెప్పొద్దు, మీ సప్లయర్లకి బలవంతంగా అంటగట్టొద్దు. ఐదో రోజు రాత్రి లెక్క చూపించమనండి. ఎన్ని అమ్ముడయ్యాయన్నది రెండో ప్రశ్న. ఎవరు కొన్నారు, ఎవరు రెండోసారి వచ్చి కొనకుండా పోయారు, ఎందుకు, అది ఆమె రాసి పెట్టుకుందా లేదా అన్నది మొదటిది.

చివరిగా, మీరిద్దరూ ఒకసారి ఊటీ వెళ్ళిరండి. మేలో ఫ్లవర్ షోకి కాదు, జూలైలో. చెన్నైలో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దునకి ఊటీ కొండ కింద మేట్టుపాళయం. వారం రోజులుండండి. అద్దెకి దొరికే గదులు చూడండి, గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, సాయంత్రం ఆరింటికి బజార్లో ఎన్ని అంగళ్ళు తెరిచి ఉన్నాయో లెక్కపెట్టండి. గొడుగు, స్వెట్టరు మర్చిపోవద్దు. తిరిగొచ్చాక కూడా అమ్మాయి అదే మాట మీద ఉంటే, ఆ లెక్క పుస్తకం తీసుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి.